పనస మాను పూసిన ఏడు

ఒకప్పుడు అడవిలో ప్రతి చెట్టూ కొమ్మల చివరే పూసేది. లేత రెమ్మ ఎక్కడుంటే అక్కడే పువ్వు. మాను పని వేరు: నీళ్లు తోడి పైకి పంపడం, గాలికి నిలబడడం, అందర్నీ మోయడం.

పనస కూడా అలాగే పూసేది. అయితే దాని కాయ మేకపిల్లంత బరువు. కాయ ఊరే వేళకి సన్న రెమ్మ విరిగేది, పచ్చికాయ నేలపడి కుళ్లిపోయేది. గింజ ముదిరితే కదా మొలకెత్తేది. ఆ అడవికంతటికీ మిగిలిన పనస ఆ ఒక్కతే. దాని వెనక ఒక్క మొక్కైనా లేదు.

వరసగా ఏడో ఏడు కూడా కాయలన్నీ రాలిపోయాక, పనస మాను రెమ్మలతో చెప్పింది, ఈసారి తనే పూస్తానని, కాయని తనే మోస్తానని.

రెమ్మలు నవ్వాయి. "ఈ వయసులో నీకు పూలేంటి మామ్మా? ఒళ్లంతా బీటలు," అంది చిటారు రెమ్మ.

సంగతి మద్దిచెట్టు దాకా వెళ్లింది. మద్ది ఆ అడవికి పెద్దమనిషి. కాయలు రాలడం బాధాకరమేనని ఒప్పుకున్నాడు. మాను పూస్తే మాత్రం చూసేవాళ్లకి బాగుండదన్నాడు. ఇంకో ఏడు ఓపిక పట్టమన్నాడు.

"చూసేవాళ్లలో కాయని మోసేదెవరు, పెద్దాయనా?" అంది పనస.

మద్ది ఆకులు సర్దుకున్నాడు.

ఆ మాఘంలో పనస మాను తోడిన నీళ్లన్నీ పైకి పంపలేదు. కొంచెం తనకి ఉంచుకుంది. బెరడు పగిలిన చోటల్లా మొగ్గ తొడిగింది. రంగు లేదు, రేకులు లేవు. ఇదీ ఒక పువ్వేనా అంది చిటారు రెమ్మ.

"కాయడానికి ఇది చాల్లేవే," అంది పనస.

వైశాఖంలో గాలివాన వచ్చింది. పైన రెమ్మలు కొన్ని విరిగాయి. మాను మీది కాయలు కదల్లేదు. అవి పండాక ఒక ఎలుగుబంటి తన పిల్లని వెంటేసుకొచ్చింది, నేల మీద నిలబడే కడుపునిండా తింది, గింజల్ని వాగు అవతల దాకా చల్లుకుంటూ పోయింది. తొలకరికి వాగు గట్టున మూడు పనస మొక్కలు లేచాయి.

మాను పూయాలన్నది తన సలహాయేనని మద్ది అందరికీ చెప్పుకున్నాడు.

అప్పటినుంచే పనస మాను మీదా, ముదురు కొమ్మల మీదా పూస్తుంది. మేడి కూడా దాన్ని చూసి నేర్చుకుంది. వయసు పెరిగేకొద్దీ పనస కాపు ఇంకా కిందికి దిగుతుంది. బాగా ముసలి పనసలు కొన్ని, మట్టిని పగలగొట్టుకుని మరీ వేరు మీద కాస్తాయి.