పగ్గాల మల్లయ్య వెలసిన చరియ

పాలగట్టు కొండల వరుసలో ఏడవ శిఖరం పగ్గాలకొండ. చలికాలమంతా మంచు చూడటానికి, కొండలెక్కటానికి వచ్చేవారితో ఈ దారి సందడిగా ఉంటుంది. వెదురుపొదలు దాటి మూడు గంటలు నడిస్తే ఎర్రరాతి చరియ అంచుకు చేరతారు. ఆ అంచుకు నాలుగు నిలువుల దిగువన, గుహలో పగ్గాల మల్లయ్యస్వామి కొలువై ఉన్నారు.

పూర్వం ఈ చరియ నిండా తేనెపట్లు ఉండేవట. కొండకింది గూడెంలో బయ్యన్న, అతని చెల్లెలి మగడు ఈదన్న కలిసి తేనె తీసేవారు. ఈదన్న పగ్గం కట్టుకుని దిగేవాడు. పైన పట్టేవాడు బయ్యన్న. చెల్లెలి పసుపుకుంకుమలు కోరేవాడు గనుక పగ్గం బావ చేతిలోనే ఉండాలని గూడెం కట్టుబాటు.

అయితే ఆ తేనెను అందరూ 'ఈదన్న తేనె' అనేవారు. బయ్యన్న అరచేతుల కాయలు ఎవరికీ కనబడలేదు. కన్నతల్లి సైతం తొలి ముద్ద అల్లుడికే పెట్టి, "కొండను గెలిచి వచ్చాడు నా అల్లుడు" అన్ననాడు అతనికి అన్నం సహించలేదు.

ఒక చైత్రమాసపు ఉదయం ఈదన్న పొగపెట్టి పట్టు కోయగా, దాని వెనుక గుహలో లింగం కనబడింది.

"బావా! నాకు మల్లయ్య కనిపించాడు!" అని కేక వేశాడు.

'దేవుడు కూడా వీడికేనా!' అని బయ్యన్నకు ఒళ్లు మండిపోయింది. మొలలోని కత్తి తీసి పగ్గంపై పెట్టాడు. మూడు పేటలలో రెండు తెగాయి. అంతలో ఈదన్న, పైకి లాగమని, రోజూలాగే నమ్మకంగా పగ్గాన్ని రెండుసార్లు కదిపాడు. బయ్యన్న కత్తి విసిరేసి, కోతకు దిగువన పగ్గాన్ని ఒడిసిపట్టాడు. అరచేతులు చీరుకుపోతున్నా విడవక పైకి లాగాడు.

తెగిన పేటలు చూసి ఈదన్న, "ఇది రాయి కోసిన కోత కాదు బావా" అన్నాడు.

"నేనే కోశాను. నీకు వచ్చే పేరు చూసి ఓర్వలేకపోయాను."

ఈదన్న కోత పడినచోట పగ్గాన్ని ముడివేసి బయ్యన్న నడుముకు కట్టాడు. "దిగు. స్వామిని నువ్వూ చూడాలి. నేను పడతాను."

వద్దనే ముఖం లేక బయ్యన్న దిగాడు. నెత్తురు కారే చేతులతో అతడు పోసిన తేనే స్వామికి తొలి అభిషేకం.

నేడు ఇనుపమెట్లు వేసినా, చైత్రపౌర్ణమినాడు భక్తులు పగ్గం కట్టుకునే దిగుతారు. పైకొసను, తాము ఎవరిని చూసి ఓర్వలేకపోతున్నారో వారికే, ఆ మాట ముఖాన చెప్పి ఇవ్వాలి. అలా మొక్కినవారి కడుపుమంట చల్లారి, చుట్టరికాలు నిలుస్తాయని నమ్మకం.

ఇక్కడి అర్చకుడనైన నేను పదకొండేళ్లు వెనుకాడి, కిందటేడు మా తమ్ముడిని తీసుకువచ్చాను. మాట చెప్పి, పగ్గం వాడి చేతికిచ్చాను. వాడు తలవంచుకుని, "నీ తరువాత నేనూ దిగాలన్నయ్యా" అన్నాడు.