అడ్డాలమ్మ గుండు

పూర్వం పినాకినీ నదికి దక్షిణాన వేములగట్టు దుర్గాన్ని తిప్పానాయకుడనే దొర ఏలుతున్న కాలంలో, ఆయన కొలువులో సింగబోయడనే డాలుగాడు ఉండేవాడు. రణరంగంలో తాను ఆయుధం పట్టకుండా, దొర పక్కనే నిలిచి, ఆయన మీదికి వచ్చే బాణాలనూ బల్లేలనూ డాలుతో అడ్డుకోవడం అతనికి వంశపారంపర్యంగా సంక్రమించిన వృత్తి. అతని తాత నాడు వెదురుబద్దలతో అల్లిన డాలు ఉండేది. అది బాణాన్ని ఆపేదిగాని కత్తివేటుకు చీలిపోయేది. తండ్రి నాటికి దున్నపోతు తోలును నానబెట్టి, గుండ్రటి అచ్చుమీద బిగించి ఎండబెట్టి, లక్క పూసిన డాళ్లు వచ్చాయి. ఆ తండ్రి డాలుకే సింగబోయడు అంచు చుట్టూ ఇనుపపట్టీ వేయించి, యుద్ధానికి వెళ్లే ప్రతిసారీ కొండమీది గట్టమ్మ తల్లి ముందు పెట్టి మొక్కేవాడు.

ఏటినీటి దగ్గర మొదలైన కలహం ముదిరి, పొరుగున ఉన్న కోనపాళెంతో పోరు జరిగినప్పుడు దొరగారి ఏకైక సోదరుడు నేలకూలాడు. తిప్పానాయకుడు కంట తడి పెట్టలేదు. సేనతో వెళ్లి కోనపాళెం కోటను పట్టుకున్నాడు. అక్కడి భటులు పారిపోగా, మిగిలిన ముసలివాళ్లూ స్త్రీలూ పసిబిడ్డలూ రెండూళ్ల నడుమనున్న గట్టమ్మ కొండెక్కి, ఆపైన దారిలేక బోడిబండమీద ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు. ఒక్కరినీ మిగల్చవద్దని దొర విలుకాండ్రకు ఆనతిచ్చాడు.

చనిపోయినవాడు తనతో ఆడుకుని పెరిగినవాడే గనుక సింగబోయడి గుండె కూడా మండుతూనే ఉంది. అయితే ఆ గుంపులో ఒక అవ్వ, విల్లులు పైకి లేవడం చూసి, చంకలోని బిడ్డమీద తన చిరిగిన పైటచెంగు కప్పింది. ఆ గుడ్డపేలిక బాణానికి ఏపాటి అడ్డమో తెలిసినవాడు అతను. ఆపై అతనికి నిలబడ బుద్ధి కాలేదు. దొర పక్కనుండి కదిలి, బండమీదికి ఎక్కి, వారి ముందు నిలిచి తన డాలును దొరవైపే తిప్పాడు.

తన ఉప్పు తిని తనకే ఎదురు నిలిచావా అని దొర అడిగాడు.

“దొరా, పుట్టి బుద్ధెరిగినకాడినుంచి మిమ్మల్ని కాస్తున్నాను. ఈ పసిబిడ్డల ఉసురు మీకు తగలకుండా ఇవాళ కూడా మిమ్మల్నే కాస్తున్నాను,” అన్నాడు సింగబోయడు.

దొర కోపం చల్లారలేదు. చెయ్యి ఊపాడు. బాణాలు ఒక్కసారిగా లేచాయి. ఒక్క డాలు ఇందరిని కాయలేదని ఎరిగిన సింగబోయడు కన్నులు మూసుకుని, “తల్లీ, నా చెయ్యి చాలదు,” అని మాత్రం అన్నాడు. అప్పుడు గట్టమ్మ కరుణించింది. అతని చేతిలోని డాలు పెరిగి, కొండవాలంతా వ్యాపించి, అందరిమీదా చల్లని నీడ పరిచింది. బాణాలు దానికి తగిలి ములుకులు వంగి రాలిపోయాయి. ధూళి అణగిన తరువాత చూస్తే అది తోలూ కాదు, ఇనుమూ కాదు, నల్లని మహాశిల.

తిప్పానాయకుడు విల్లు జారవిడిచి, ఆ శిల కిందికి వంగి వచ్చి, అవ్వ పక్కన కూలబడి, తమ్ముణ్ణి తలచుకుని తొలిసారిగా ఏడ్చాడు. అవ్వ ఆయన వీపు నిమిరింది. ఆ ఏటి నీటిని ఇరువూళ్లూ సమంగా వాడుకునేటట్టు అక్కడే ఒప్పందం కుదిరింది. కొత్త డాలు చేయిస్తానని దొర అన్నా సింగబోయడు వద్దని, ఆ తల్లి అర్చనలోనే శేషజీవితం గడిపాడు.

అడ్డుగా డాలై నిలిచిన తల్లి గనుక నాటినుంచి ఆమె అడ్డాలమ్మ అయింది. డాలు బోర్లించినట్టు ఒరిగి ఉన్న ఆ గుండును, దాని వెలుపలివైపు బాణాలు తాకిన గుంటలను నేటికీ చూడవచ్చు. ఇరువూళ్ల ఆడపడుచులు వాటిని పసుపుతో నింపుతారు. ఫాల్గుణమాసపు జాతరనాడు ఆ గుండు కిందికి వచ్చేవారిని ఏ ఊరని గాని, ఎవరివారని గాని అడగరు. సింగబోయడి వంశీకుడైన పూజారి మాత్రం, చిట్టచివరి మనిషి నీడలోకి చేరేదాకా బయట ఎండలోనే నిలబడి ఉంటాడు.