భయం దగ్గర ఆగిన బిరుదు

ఒకానొక కాలంలో మల్లెలదిన్నె అనే రాజ్యం ఉండేది. అది పటంలో ఎక్కడుందని నన్నడగకండి. కాలేజీలో చరిత్ర చదివినవాణ్ణే గాని, ఆ చదువులో నాకు బాగా గుర్తున్నది క్యాంటీన్ పెసరట్టు ఒక్కటే. అందులో అల్లం ముక్కలు ఎంత సన్నగా... సరే, కథలోకి వస్తాను.

ఆ రాజ్యాన్ని రణకేసరి మహారాజు ఏలేవాడు. యుద్ధమంటూ ఒక్కటీ చేయలేదు. బిరుదులు మాత్రం బోలెడు. సభ మొదలయ్యే ముందు సూరపరాజు అనే వందిమాగధుడు లేచి వాటన్నిటినీ గొంతెత్తి చదవాలి. అదే అతని ఉద్యోగం.

ఒకరోజు పొరుగు రాజుగారి దూత సభకు వచ్చాడు. సూరపరాజు ఉత్సాహంగా అందుకున్నాడు.

"సమరధీరుడు, సకలకళావల్లభుడు, పరరాజభయం..."

అక్కడ దగ్గుతెర ముంచుకొచ్చింది. 'కరుడు' అన్న ముక్క గొంతులోనే ఉండిపోయింది. పరరాజులకు భయంకరుడు కావలసిన మహారాజు, పరరాజులంటే భయం ఉన్నవాడైపోయాడు. దూత మీసాల చాటున నవ్వాడు.

రాజుగారి ముఖం కందగడ్డయింది. "విచారణ తేలేదాకా వీణ్ణి కొలువులో అడుగు పెట్టనివ్వకండి!"

విచారణ మొదలైతేగా తేలడానికి! నెలలు గడిచాయి. జీతం లేదు. ఉద్యోగం ఉందో పోయిందో చెప్పే నాథుడూ లేడు. చివరికి సూరపరాజు న్యాయసభకెక్కాడు. నేరం మోపినవారూ రాజుగారే, తీర్పు చెప్పవలసినవారూ రాజుగారే. వారి తరఫున ముగ్గురు వకీళ్ళు, ఖర్చు ఖజానాది. సూరపరాజు తరఫున ఒక్కడు, ఖర్చు భార్య మెడలోని బంగారు నానుతాడుది. వాయిదా పడ్డప్పుడల్లా ఆ తాడు కాస్త కురచైంది. ఆఖరికి ఆవిడ మెడలో పసుపుతాడే మిగిలింది.

అప్పుడతను ఆస్థాన విదూషకుడు బుచ్చన్న ఇంటికి వెళ్ళాడు.

"బుచ్చన్నగారూ, ఇక తమరే దిక్కు."

"నేనా? రాజుగారు నవ్వినప్పుడు నవ్వడమే కదటయ్యా నా ఉద్యోగం! అది కూడా సగం రోజులు నిద్రలో మరిచిపోతాను. ఇంతకీ ఆ రోజు ఎందుకు దగ్గావు?"

సూరపరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ మాట అడిగిన మొదటి మనిషి మీరేనండీ. వంటశాలలో పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటు గొంతుకు పట్టింది."

"ఓరి నీ! సభలో వంటశాల వైపు కిటికీ పక్కనే నేను కునుకు తీస్తున్నాను. నా నిద్ర చెడగొట్టింది నీ బిరుదులనుకొని ఇన్నాళ్ళూ నిన్ను తిట్టుకుంటున్నాను. నేనూ నిన్ను విచారించలేదన్నమాట!"

మళ్ళీ వాయిదా వచ్చింది. రాజుగారు కొలువుదీరారు. సూరపరాజును గుమ్మం బయటే నిలబెట్టారు. బుచ్చన్న లేచి, "ప్రభూ, విచారణ జరగలేదని ఇతని మొర" అన్నాడు.

"జరగకపోవడమేమిటి? నేనెంత విచారించానో నీకేం తెలుసు? ఆ రాత్రి పాయసం కూడా ముట్టలేదు!"

"తమరు పడ్డది విచారం ప్రభూ. జరగవలసింది విచారణ. రెండూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. నాబోటి మందమతి కూడా అప్పుడప్పుడూ తడబడతాడు."

"అయితే ఇప్పుడే కానివ్వు!"

"చిత్తం. తప్పేదో తేలాలంటే ముందు ఒప్పేదో వినాలి. ఆ బిరుదు ఎలా పలకాలో తమ నోటనే సెలవియ్యండి."

తన బిరుదు తానే చదువుకోవడమంటే రాజుగారికి చేదా! లేచి నిలబడి మీసం దువ్వారు. బుచ్చన్న ముందే వంటవాడికి చెప్పి ఉంచాడు. ఇప్పుడు మెల్లగా వెళ్ళి వంటశాల వైపు కిటికీ రెక్కలు తెరిచాడు.

"సమరధీరుడు! సకలకళావల్లభుడు! పరరాజభయం... ఖళ్! ఖళ్ ఖళ్!"

వకీళ్ళు ముగ్గురూ దగ్గారు. భటులూ దగ్గారు. బుచ్చన్న ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకొని చేతులు జోడించాడు.

"ఎంత పని జరిగింది ప్రభూ! నేరం అదే, ఆగిన చోటూ అదే. విచారణ తేలేదాకా తమరు సింహాసనం దిగి ఇంటిపట్టున ఉండాలి. రాబడి ఉండదు. వకీలును తమ సొంత ఖర్చుతోనే పెట్టుకోవాలి. రాణిగారికి నానుతాడు ఉన్నట్టుంది, కొన్ని వాయిదాలకు సరిపోతుంది."

"ఓరి బుచ్చన్నా! అది మిరపకాయల ఘాటురా! ఎందుకు దగ్గానో నన్నొక్క మాట అడగవా?"

"అడగడమా? మన కొలువులో ఆ ఆచారం లేదు కదా ప్రభూ!"

రాజుగారు గుమ్మంలో నిలబడ్డ సూరపరాజును చూశారు, కిటికీని చూశారు. ఉన్నట్టుండి పకపకా నవ్వారు. నవ్వుతూ దగ్గారు, దగ్గుతూ నవ్వారు.

అప్పటికప్పుడే సూరపరాజును కొలువులోకి పిలిచారు. ఆగిన జీతమంతా ఇప్పించారు. ఖజానా ఖర్చుతో అతని భార్యకు నానుతాడు చేయించారు, మునుపటికన్నా జానెడు పొడుగ్గా. బుచ్చన్న వేలికి తన ఉంగరం తొడిగి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నారు.

"ఆ కిటికీ పక్క చోటు నాకు శాశ్వతంగా రాసిప్పించండి ప్రభూ. ఎంత నిద్రలో ఉన్నా భోజనం వేళకు మెలకువ వస్తుంది."

మర్నాటి నుంచి సూరపరాజు 'పరరాజభయం' దాకా వచ్చి ఆగేవాడు. భటుడు మంచినీళ్ళ చెంబు అందించేవాడు. అతను గుక్కెడు తాగేలోగా సింహాసనం మీద నుంచి రాజుగారే "కరుడు!" అని అందించి, అందరికన్నా ముందు తానే నవ్వేవారు.