రాణికి చెప్పకూడని మాట

అనగనగా ఒక రాజ్యం. రాజ్యం అన్నాక రాజు ఉంటాడు కదా, ఉన్నాడు. పేరు భద్రకేతుడు. ఈ కథ మాత్రం ఆయన రాణి శంఖమాలది.

రాణి పక్కటెముకల కింద చింతగింజంత గడ్డ లేచింది. చూస్తుండగానే నిమ్మకాయంత అయింది. ఆ రాజ్యంలో ఒక ఆచారం. రాణికి జబ్బు చేస్తే వైద్యుడు రాజుకు చెబుతాడు, రాజు కొడుకులకు చెబుతాడు, రాణికి ఎవరూ చెప్పరు. ముగ్గురు పిల్లల్ని కన్నప్పుడు అదరని గుండె, ఆ మాట వింటే అదురుతుందట.

వైద్యుడు రాజును పక్కకు పిలిచాడు. "మహారాజా, ఇది రాచపుండు. అందులోనూ లక్షలో ఒకరికి వచ్చే రకం. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడి తోటలో నల్లవేరు ఉంది. అదొక్కటే మందు. పున్నమి దాటితే అదీ పనిచేయదు."

"రాణికేం చెప్పావు?"

"అజీర్తి అన్నాను."

మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉందని విని పెద్దకొడుకు కత్తి పట్టుకుని వెళ్లాడు. పంజరం మీదికి ఉరికాడు, రాయైపోయాడు. రెండోవాడు వల పట్టుకుని వెళ్లాడు. అతనూ ఉరికాడు, అతనూ రాయైపోయాడు. ఒడ్డున వదిలిన గుర్రాలు రెండూ ఒంటరిగా తిరిగొచ్చాయి.

మూడో బిడ్డ మంజీర. ఆమెను ఎవరూ వెళ్లమనలేదు. తనే బయలుదేరుతూ తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, నీది అజీర్తి కాదు."

"తెలుసు. అజీర్తికి మీ నాన్న స్తంభం చాటున ఏడుస్తాడా?"

మంజీర అంతా చెప్పింది. రాణి కూతురి చేయి పట్టుకుంది.

"భయంగా ఉందా?"

"ఉంది. ఇన్నాళ్లూ ఒక్కదాన్నే భయపడ్డాను, ఇక ఇద్దరం భయపడదాం. వెళ్లు. ఆ మందు ఏం చేస్తుందో అంతా కనుక్కుని రా. నాకు తెలియకుండా నా నోట్లో ఏదీ పడకూడదు."

సముద్రం ఒడ్డున ఒక తాబేలు ఉంది. "నీ వీపు మీద ఎక్కనా?" అని అడిగింది మంజీర.

"ఎక్కు తల్లీ. మీ అన్నలు అడక్కుండానే ఎక్కారు, పైగా తన్నారు."

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. ఏడోది దాటేసరికి చంద్రుడు సగం నిండాడు.

తోటంతా నల్లవేరు మొక్కలే. మంజీర రాయైన పెద్దన్న చాటున నిలబడి చూసింది. కరాళుడు చిలకను బతిమాలుతున్నాడు. "తిను బంగారం, జామపండే." చిలక కొరికి ఉమ్మేసింది. దాని రెక్క కింద గడ్డ. ఎలాంటి గడ్డో మంజీరకు తెలుసు. పండులో ఏం దాచాడో కూడా అర్థమైంది.

ఆమె ముందుకొచ్చింది. కరాళుడు చేయెత్తాడు. ఆమె పాదాలు రాయయ్యాయి.

"చిలకమ్మా, నీ రెక్క కింద ఉన్నది రాచపుండు."

మోకాళ్లు రాయయ్యాయి.

"ఆ పండులో ఉన్నది దాని మందు. చేదుగానే ఉంటుంది."

నడుము రాయైంది.

"మా అమ్మకూ అదే జబ్బు. అందుకే తెలుసు."

చిలక మాంత్రికుడి వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ నాకు విషం పెడుతున్నావనుకున్నాను. ఆ పిల్లను వదులు. ఆ వేరు ఇటు ఇవ్వు."

కరాళుడు చేయి దించగానే మంజీర మళ్లీ మనిషైంది. చిలక వేరు నమిలి మింగింది. కరాళుడి ముఖంలోకి రంగు వచ్చింది.

"భయపడుతుందని చెప్పలేదు," అని గొణిగాడు.

"మా ఇంట్లోనూ ఇదే పాట. సరే, ఈ మందు ఏం చేస్తుంది?"

"కడుపులో తిప్పుతుంది. దీనికి ఈకలు రాలతాయి, మీ అమ్మకు జుట్టు."

అన్నలనూ వదలమని చిలక చెప్పింది గనక కరాళుడు ఇద్దరినీ విడిచిపెట్టి, బుట్టెడు వేరు ఇచ్చాడు.

పున్నమి ముందురోజు మంజీర తల్లికి ఉన్నదున్నట్టు చెప్పింది. రాణి విని, వేరు తీసుకుని నోట్లో వేసుకుంది. కక్కుకుంది, మళ్లీ తిన్నది. జుట్టు రాలింది. గడ్డ నిమ్మకాయంత నుంచి చింతగింజంత అయి, కరిగిపోయింది.

ఆమె గుండుతోనే సభకు వచ్చి రాజు పక్కన కూర్చుంది. పురోహితుడు నసిగాడు. "రాజుగారు ఉండగా రాణిగారు ఇలా..."

"రాజుగారు బతికే ఉన్నారు. నేనూ బతికే ఉన్నాను. కూర్చోండి."

పాత ఆచారం ఆ రోజే పోయింది.

తర్వాత మంజీరను చేసుకుంటామని ముగ్గురు రాజకుమారులు వచ్చారు. "నాకు జబ్బు చేస్తే ముందు ఎవరికి చెబుతారు?" అని అడిగింది. ఒకడు "మీ నాన్నకు" అన్నాడు. ఒకడు "మీ అన్నలకు" అన్నాడు. మూడోవాడు తెల్లబోయాడు. "వైద్యుడు నీకు కదా చెప్పాలి? నాకు నువ్వు చెప్పాలి."

మంజీర అతన్నే చేసుకుంది. ఆ పెళ్లిలో అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టులో మల్లెలు నిలవక, శంఖమాల వాటిని చెవి మీద పెట్టుకుంది. అలాగే చాలాకాలం ఏలింది.