సారమ్మ పేరున్న గడి

దయామణి టీచరుగారిని ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు దొరికేది కాదు, పని దొరికేది. లేసు సొసైటీ మేడ మీది గదిలో ఆవిడ దగ్గర కంప్యూటరు నేర్చుకున్న మా అందరికీ ఇది అనుభవమే. "సేవ్ చెయ్యకపోతే ఏమవుతుందండీ?" అని నేనొకసారి అడిగాను. పొద్దుటి నుంచీ నేను కొట్టిన పేజీ ఎదురుగా వెలుగుతూనే ఉంది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, గోడ దగ్గరికెళ్ళి మెయిన్ ఆపేసి, టీ తాగడానికి కిందికి దిగిపోయారు. ఆ ప్రశ్న మళ్ళీ నేను ఎవరినీ అడగలేదు.

మాది నరసాపురం పక్క. మా వైపు ఆడవాళ్ళు అరుగుల మీద కబుర్లు చెప్పుకుంటూ అల్లిన లేసు, మాకు నోరు తిరగని పేర్లున్న ఊళ్ళలో బల్లల మీద పరుచుకుని ఉంటుంది. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? చెప్పుకుంటున్నాను. చేతిలో ఒక కొక్కెం సూది, ఒక దారం ఉండ తప్ప ఇంకేమీ లేకుండా అంత దూరం వెళ్ళిన పని ఇంకెవరికుందో మీరు చెప్పండి.

టీచరుగారూ ఆ అరుగుల మీద పెరిగిన మనిషే. అందుకే కంప్యూటరు కూడా మాకు అల్లికలాగే నేర్పేవారు. షీటులో దూరదూరంగా ఉన్న గడుల్ని కలిపి ఎంచుకోవాలంటే, ఎడమచేతి వేలు కంట్రోల్ బటన్ మీద నొక్కి ఉంచి, కుడిచేత్తో కావలసిన గడుల్ని ఒక్కొక్కటే నొక్కుతూ పోవాలి. మధ్యలో వేలెత్తేసి ఇంకో గడి నొక్కామా, అంతవరకూ ఎంచుకున్నవన్నీ చేజారి ఆ ఒక్కటే మిగులుతుంది. మాలో ఎవరి వేలు జారినా ఆవిడ ఒకే మాట అనేవారు: "కొక్కెం మీది మెలిక వదిలేసి అల్లుతారటే ఎవరైనా?" ఆ మెలిక జారితే అల్లినదంతా ఊడిపోతుందని మా వైపు పాలుతాగే పిల్లకి కూడా తెలుసు.

మా అందరిలోకీ చురుకైంది ఎస్తేరు. అందుకని ఆ ఏడు వచ్చిన పెద్ద పని దాని చేతిలోనే పెట్టారు. ఎక్కడో పట్నంలో కొత్తగా కట్టిన సభామందిరానికి వేదిక మీద వేలాడే లేసు తెర కావాలి. చదరపు ముక్కలుగా చాలామంది అల్లాలి, తర్వాత అన్నిటినీ కలిపి కుట్టాలి. ఎవరెవరు అల్లాలో ఎస్తేరు ఎంచాలి. షీటులో అల్లేవాళ్ళ పేర్లన్నీ వీధి వారీగా, ఇంటి వరసన ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఆ మనిషి చెయ్యి ఎలాంటిదో రాసి ఉంది: సమం, వదులు, బిగువు. ముక్కలన్నీ సమం చేతివే కావాలి. వదులు చేతి ముక్క సాగుతుంది, బిగువు చేతి ముక్క కుదించుకుపోతుంది. వాటిని పక్కపక్కన కుడితే తెర ముడతలు పడుతుంది.

చిక్కెక్కడంటే, సమం చేతులు ఒకచోట లేవు. ఈ వీధిలో ఒకరు, మూడిళ్ళు దాటి ఇంకొకరు, కాలవ అవతల మరొకరు. రేవు వీధి దగ్గరికి వచ్చేసరికి ఎస్తేరు ఆగింది. అక్కడ కాసులమ్మది సమం చెయ్యి. కొంచెం కింద వెంకటరత్నానిదీ సమం చెయ్యే. ఆ రెండు పేర్ల మధ్య ఇంకో మూడు ఉన్నాయి, అందులో ఒకటి సారమ్మ. సారమ్మ ఎస్తేరు వాళ్ళమ్మ.

సారమ్మది బిగువు చెయ్యి. ఆవిడ లేసు మీద పప్పు గిన్నె పెట్టినా ఒరగకుండా నిలబడుతుందని వీధిలో ఎగతాళి. దుకాణాలవాళ్ళు మెత్తగా జారే అల్లిక కావాలంటున్న రోజులవి. రెండేళ్ళుగా ఆవిడకి ఎవరూ దారం ఇవ్వలేదు. సాయంత్రాలు అందరూ అరుగుల మీద అల్లుకుంటూ ఉంటే, ఆవిడ తలుపు దగ్గరగా వేసుకుని లోపలే కూర్చునేది. ఈ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

"టీచరుగారూ," అంది ఎస్తేరు, కళ్ళు షీటు మీంచి తిప్పకుండా, "మంచి చేతులు ఇక్కడొకటి అక్కడొకటి ఉన్నాయండి. ఒక్కొక్కటే ఏరుకుంటూ వేలు నొప్పెట్టేలా నొక్కిపట్టుకు కూర్చోడం ఎందుకండి? ఈ పేరు నుంచి ఆ పేరు దాకా మౌసు లాగేస్తే సరిపోదా? మధ్యలోవాళ్ళు కూడా కలిసొస్తారు. నలుగురికి పని దొరికితే తప్పా అండీ?"

మేమెవరం తలెత్తలేదు. టీచరుగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"తప్పని నేనన్నానా? లాగెయ్యి," అన్నారు. "రేపు దారం మాత్రం నువ్వే పంచిరా. రివాజు తెలుసుగా."

రివాజు మాకందరికీ తెలుసు. పూర్వం దారం పంచే కమీషనుదార్లు తమకి నచ్చినవాళ్ళకే పని ఇచ్చేవారట. సొసైటీ పెట్టిననాడే మా పెద్దవాళ్ళు ఒక కట్టుబాటు చేశారు: ఎంచినవాళ్ళే గుమ్మానికి వచ్చి, ఎందుకు ఎంచామో చెప్పి దారం చేతికివ్వాలి. అల్లేమనిషి ఆ మాట విన్నాకే పుచ్చుకోవాలి. చదువుకున్నవాళ్ళకి ఇది చాదస్తంగా కనిపిస్తుంది. మాకు మాత్రం ప్రాణం.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఒక బుట్ట ఎస్తేరు పట్టుకుంది, ఇంకోటి నేను. కాసులమ్మ గుమ్మంలో ఏ ఇబ్బందీ రాలేదు. "నీ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంచు తేడా రాదు పిన్నీ, అందుకు," అంది ఎస్తేరు. కాసులమ్మ మురిసిపోయి దారం కళ్ళకద్దుకుంది. పక్కిల్లే సారమ్మది.

ఆవిడ గుమ్మం ముందు కూర్చుని మెత్తళ్ళ చేపలు బాగుచేసుకుంటోంది. బుట్టల్ని చూసింది, కూతుర్ని చూసింది. లేచి చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్ది కడుక్కుని, ఉతికిన తువ్వాలుతో తుడుచుకుని, లోపల్నించి కొత్త చాప తెచ్చి అరుగు మీద పరిచింది. దాని మీద కూర్చుని ఒళ్ళో కొంగు సర్దుకుంది. దారం ఉండ ఎస్తేరు చేతిలోంచి తీసుకుని వేళ్ళతో నిమిరింది.

"చెప్పవే," అంది. "నన్నెందుకు ఎంచారు?"

ఎస్తేరు నా వంక చూసింది. ఒక చిన్న అబద్ధం ఆడి ఉండొచ్చు. ఆడితే నేనూ తలూపేదాన్ని, ఒట్టు. కానీ వాళ్ళమ్మ ముఖం అంత దగ్గర్నించి చూస్తూ అది అబద్ధం ఆడలేకపోయింది.

"కాసులమ్మ పిన్నికీ వెంకటరత్నం అత్తకీ మధ్యలో మనిల్లు ఉంది కదమ్మా. అలా వచ్చింది నీ పేరు."

సారమ్మ దారం ఉండని మెల్లగా బుట్టలో పెట్టేసింది.

"అయితే ఇది మనింటి గోడకివ్వు. మధ్యలో ఉన్నది అది," అంది. గొంతు పెంచలేదు. "నా చెయ్యి బిగువని నాకు తెలుసే. దానికి నేను సిగ్గుపడను. ఆ పక్కావిడ, ఈ పక్కావిడ పుణ్యాన దారం పుచ్చుకుంటే మాత్రం సిగ్గుపడతాను."

చాప చుట్టేసి, మళ్ళీ మెత్తళ్ళ ముందు కూర్చుంది. చెప్పొద్దూ, నాకు ఆ క్షణాన ఏడుపూ వచ్చింది, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండేళ్ళ తర్వాత ఒళ్ళోకి వచ్చిన దారాన్ని అలా తిరిగి పెట్టేసే చేతులు ఎన్నుంటాయి?

ఎస్తేరు కదల్లేదు. అరుగు మీదే స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. గుమ్మంలోంచి చూస్తే లోపల దూలానికి ఒక దారం ఉట్టి వేలాడుతోంది, అందులో ఆవకాయ జాడీ. ఎస్తేరు బడికెళ్ళే రోజుల్లో సారమ్మ అల్లిన ఉట్టి అది. ఎస్తేరుకి అప్పుడూ జాడీ చేతికందేది కాదు, ఇప్పుడూ ముక్కాలిపీట లేకుండా అందదు. ఉట్టి వేలెడైనా కిందికి సాగలేదు. ఎస్తేరు చాలాసేపు దాన్నే చూసింది.

"ఒసేయ్," అంది నాతో, ఉన్నట్టుండి లేచి, "తెరకి పైన పట్టీ ఉంటుంది కదే. కొక్కేలకి తగిలించేది."

వెంకటరత్నం ఇంటికి నన్ను పొమ్మని, మధ్యలోవాళ్ళ గుమ్మాలు తొక్కొద్దని చెప్పి, అది వచ్చినదారినే సొసైటీకి వెళ్ళిపోయింది. నేను తిరిగొచ్చేసరికి షీటు ముందు కూర్చుని ఉంది. నిన్న లాగినదంతా తీసేసింది. కంట్రోల్ బటన్ మీద వేలు పెట్టి సమం చేతుల్ని ఒక్కొక్కటే నొక్కుకుంటూ వచ్చి, వాళ్ళకి ముక్కలు అని గుర్తు పెట్టింది. తర్వాత మళ్ళీ పైనుంచి మొదలుపెట్టి, ఈసారి బిగువు చేతుల్లోంచి ఏరింది. రేవు వీధిలో సారమ్మ, కొత్తపేటలో ఒకావిడ, ఏటవతల లంకలో ఇంకొకావిడ. పేరు పేరుకీ మధ్య షీటు ఎంతో కిందికి జరగాల్సి వచ్చింది. మౌసు జరుగుతున్నంతసేపూ ఎడమచేతి వేలు లేవలేదు. టీచరుగారు వెనక నిలబడి చూశారు, "ఊఁ" అన్నారు, అంతే.

మధ్యాహ్నం మళ్ళీ అదే గుమ్మం. ఈసారి బుట్టలో ముతక దారం. సారమ్మ అన్నం తిని చెయ్యి కడుక్కుంటోంది. చాప పరవలేదు. నిలబడే, "చెప్పు," అంది.

"తెర బరువంతా పైన పట్టీ మీదే ఉంటుందమ్మా. మెత్తటి చెయ్యి అల్లితే నెల తిరక్కుండా సాగి, తెర నేలకి జీరాడుతుంది. బిగువు చెయ్యే కావాలి. సొసైటీలో ఉన్న పేర్లన్నీ వెతికి ముగ్గురిని ఏరాను. మొదటి పేరు నీది."

సారమ్మ కాసేపు కూతురి ముఖం చూసింది, మాట ముఖస్తుతికి చెప్పిందా, నిజానికి చెప్పిందా అని తూచుతున్నట్టు. అప్పుడు లోపలికెళ్ళి చాప తెచ్చింది. పరిచింది. కూర్చుని రెండు చేతులూ చాపి దారం పుచ్చుకుంది.

"వెడల్పు ఎంత?" అని అడిగింది, ఎస్తేరు ఎవరో పైఊరి ఉద్యోగస్తురాలైనట్టు.

ఆ సాయంత్రం రేవు వీధిలో సారమ్మ తలుపు బార్లా తీసి ఉంది. అరుగు మీద, నలుగురికీ కనపడేలా, వీధి వైపు తిరిగి కూర్చుని అల్లుతోంది. కాసులమ్మ తన అల్లిక పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. దారినపోయేవాళ్ళు ఏం పనని అడిగితే, "పట్టీ," అంటోంది సారమ్మ, "బరువు మోసేది." ఎస్తేరు ఆ మాట వినడానికి పనేమీ లేకుండానే ఆ వీధిలో రెండుసార్లు తిరిగింది. దాని నడక చూడాల్సింది మీరు. దాని పక్కన నడిచినందుకు నాకే గుండె పొంగింది.

దీపాలు పెట్టేవేళకి ఇద్దరం మేడ గదికి వెళ్ళాం. టీచరుగారు కంప్యూటర్లకి గుడ్డలు కప్పుతున్నారు.

"టీచరుగారూ, నిన్న నేను లాగినప్పుడూ అమ్మ పేరే వచ్చింది. ఇవాళా అదే పేరు, అదే గడి," అంది ఎస్తేరు. "షీటులో అంతా ఒక్కలాగే ఉంటే, అమ్మకి మాత్రం అంత తేడా ఎందుకొచ్చిందండీ?"

ఆవిడ కళ్ళజోడు తీశారు, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు.

"గడి అదేనమ్మా. నిన్న దాని మీదుగా పోయావు. ఇవాళ దాని దగ్గరికెళ్ళావు."