వాగు అవతలి పంతొమ్మిది గింజలు

అనగనగా ఒక వాగు. వాగుకి ఇవతల గట్టువలస, అవతల పంతొమ్మిది ఇళ్ళ గూడెం. రెండూ కలిసి ఒకటే పంచాయతీ. ఆ గట్టువలసలో పైడితల్లి అని ఒక పిల్ల ఉండేది, బంగారూ. ఆ పిల్ల కడుపులో ఒక మాట దాచుకుంది. ‘పంతొమ్మిది ఇళ్ళవాళ్ళ మాట నేను మార్చేశాను’ అన్నదే ఆ మాట. కన్నతల్లికి కూడా చెప్పలేదు.

పైడితల్లి బడికి వెళ్ళింది రెండేళ్ళే. పకోడీ పొట్లం చేతికొస్తే ముందు కాగితం చదివేది, తర్వాత పకోడీ తినేది. అలా చదివి చదివి, ఊరికి ఏటా డబ్బు వస్తుందనీ, దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో ఊరే చెప్పొచ్చనీ తెలుసుకుంది. అప్పుడు సర్పంచి గౌరునాయుడి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

“డబ్బు ఊరిదైతే, మాట కూడా ఊరిదే అవ్వాల కదా మావా?”

“ఒలే, పది మందిని అడిగితే పది రకాలు సెప్తారే. సివరికి ఏ పనీ అవ్వదు” అని నాయుడు నవ్వేశాడు.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మూడోనాడూ వెళ్ళింది. అప్పుడు నాయుడు, “నీ పోరు పడనేను గానీ, ఒక్క ఏడు సూద్దుం” అన్నాడు.

ఆ తర్వాత పంచాయతీ అరుగు మీద మూడు కుండలు పెట్టారు. ఒకటి వాగు మీద వంతెనకి. ఒకటి నీళ్ళ ట్యాంకుకి. ఒకటి వీధి దీపాలకి. ఇంటికొక చింతగింజ. ఏ పని కావాలంటే ఆ కుండలో వేసుకోవడమే. ఎక్కువ గింజలు పడ్డ పనికే డబ్బు.

సరిగ్గా ఆ రోజే వాగు పొంగింది. గూడెంవాళ్ళు దాటలేకపోయారు. అప్పుడు గూడేనికి పెద్దదిక్కు సింగారమ్మ, అందరి గింజలూ గుడ్డలో మూటకట్టి, లోపల ఒక రాయి పెట్టి, ఇవతలి ఒడ్డున నిలబడ్డ పైడితల్లి వైపు విసిరింది.

“పైడమ్మా! పంతొమ్మిదీ వంతెన కుండలోనే ఎయ్యి తల్లీ! నీ సేతిలో పెట్టేను!” అని కేకేసింది.

పైడితల్లి ఆ మూట పట్టుకుని నడిచింది. దారిలో వాళ్ళమ్మ ఎదురైంది. నెత్తి మీద రెండు బిందెలు. మెడ ఒక పక్కకి వాలిపోయి ఉంది. రోజుకి మూడుసార్లు కొండ కింది ఊట నుంచి నీళ్ళు మోసి మోసి అలా అయిపోయింది.

ఆ తర్వాత పైడితల్లి అరుగెక్కింది. అందరూ వానకేసి చూస్తున్నారు. పిల్ల మూట విప్పి, గింజలన్నీ ట్యాంకు కుండలో పోసేసింది.

ట్యాంకు గెలిచింది. ఇంటి ముందుకి కుళాయి వచ్చింది. అమ్మ తల తిన్నగా ఎత్తి నడిచింది. పిల్లకి మాత్రం ఆ నీళ్ళు గొంతు దిగేవి కావు.

ఎందుకంటావా? ముందు సింగారమ్మ సంతకి వచ్చి, పైడితల్లితో “మా గింజలు సాల్లేదు గావాల. పోన్లే, అందరూ కలిసి సెప్పిన మాట కదా” అంది. తిట్టినా బాగుండేది.

మళ్ళీ వానలొచ్చాయి. గూడెం పిల్లలు నెల్లాళ్ళు బడి మొహం చూడలేదు.

ఆ తర్వాత సింగారమ్మ కోడలికి నొప్పులొచ్చాయి. మంచం మీద మోసుకొచ్చి, నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు, నాన్నా.

ఏడు తిరిగింది. మళ్ళీ కుండలు పెడతామని చాటింపు వేశారు. సింగారమ్మ కబురంపింది. “వానొస్తే మా గింజలు ఈసారీ పైడమ్మే ఎయ్యాల. ఆ పిల్ల మా మనిషి” అని.

పైడితల్లి పొద్దంతా గడపలోనే కూర్చుంది. చెబితే నాయుడు ఊరుకుంటాడా? ‘నాను సెప్పలేదేటి, మీ సేతికిస్తే ఇలాగే సేస్తారని’ అంటూ కుండలు తీయించేస్తాడు. అసలీ పద్ధతే పోతుంది. అలాక్కాకుండా, ఈసారి పంతొమ్మిదీ వంతెన కుండలోనే వేసి, తమ ఇంటి గింజ కూడా అందులోనే వేస్తే? నోరు మూసుకుంటే ఊరందరికీ మేలు కదా?

అప్పుడు ఆ పిల్లకి ఒకటి తట్టింది. గూడెంవాళ్ళకి ఏది మేలో ఇప్పుడు కూడా తనే తేలుస్తోంది. వాళ్ళని అడగకుండానే. అచ్చం ఆ రోజులాగే.

తిడతారో, సభలో నిలబెడతారో, నాయుడికి చెబుతారో, చెప్పరో, అది గూడెం తేల్చుకోవాలి. ముందు వాళ్ళకి తెలియాలి.

పైడితల్లి లేచింది. అమ్మ పిలుస్తున్నా ఆగకుండా, ఇంట్లో ఉన్న ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఉన్నది ఉన్నట్టు ఇప్పుడే చెప్పేద్దామని సింగారమ్మకి ఫోన్ కలిపింది.

కథేమో కంచికి,
కన్నేమో కునుక్కి,
నువ్వూ నేనూ మంచానికి.