విస్తరాకు బీమా

చింతలకోన అడవిలో మాణిక్యమ్మ తోటలు వేసే కంపెనీ పెట్టిందని తెలిసిన రోజున అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వరా మరి. మాణిక్యమ్మ మేక. మేకకు తోటపని అప్పజెప్పడమంటే పిల్లిని పాలచట్టికి కాపలా పెట్టినట్టేనని కొండముచ్చులు చెట్టుచెట్టుకూ చెప్పుకుంటూ పోయాయి.

ఆ మాటలో నిజముందని మాణిక్యమ్మకూ తెలుసు. అందుకే పనిలోకి దిగేముందు, మేత ముట్టకుండా దూడల మూతికి కట్టే చిక్కం ఒకటి తెచ్చి తన మూతికే బిగించుకునేది. పని ముగిశాకే విప్పేది. చిక్కంలోంచి మాట్లాడితే గొంతు బానలోంచి వచ్చినట్టుండేది. పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా ఉండేది. కుందేళ్ల వాకిట్లో గరిక పరిచింది. నెమలి ఆడుకునే చోట చుట్టూ బంతి నాటింది. ఎలుగుబంటి గుహదాకా గులకరాళ్ల బాట వేసింది.

బరువు పనులన్నీ ఎద్దు ఈరన్నవి. ఈరన్న నిదానస్థుడు. చెప్పిన పని చేస్తాడు, ఆపమని చెప్పేదాకా చేస్తూనే ఉంటాడు.

ఒకరోజు పెద్దపులి వీరభద్రం దగ్గర్నుంచి కబురొచ్చింది. మాణిక్యమ్మ నాలుగు కాళ్లూ వణుకుతుండగానే వెళ్లింది. పెద్దల పిలుపు కదా, వెళ్లకపోతే ఆయనే వస్తాడు.

"గుహ ముందు బోడిగుండులా ఉంది," అన్నాడు పులి. "గరిక కావాలి. చుట్టూ గోరింట కంచె కావాలి. ఆ మూల తుమ్మమొద్దు ఎండిపోయి ఉంది, దాన్ని పీకెయ్యాలి. పక్కనున్న నేరేడు చెట్టు జోలికి మాత్రం పోవద్దు. దాని నీడన తప్ప నాకు మధ్యాహ్నం నిద్ర పట్టదు."

"చిత్తం దొరా."

"ఇంకో సంగతి. నీ కంపెనీకి బీమా ఉందా?"

మాణిక్యమ్మ ఈరన్న వైపు చూసింది. ఈరన్న నెమరు వేయడం ఆపి కాసేపు ఆలోచించాడు.

"భీముడా దొరా? బకాసురుణ్ణి చంపినాయన కదూ. అంతటాయన మాతో కూలికి వస్తాడంటారా?"

"భీముడు కాదురా, బీమా," అన్నాడు పులి ఓపికగా. "పోయినేడు ఒక అడవిపంది తోట వేస్తానని వచ్చి నా గుహ మెట్లు పగలగొట్టింది. నష్టపరిహారం కింద ఆ పందినే పుచ్చుకున్నాను. మూడు రోజులు అరగలేదు. మెట్లు మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అందుకని ఈసారి పద్ధతిగా జరగాలి. మీ పనివల్ల నాకేదైనా పోతే, దాన్ని పూడ్చే పూచీ ఒకరు నెత్తిన వేసుకోవాలి. దాన్నే బీమా అంటారు. అది తీసుకుని రా. అప్పటిదాకా నా గుమ్మం ముందు గడ్డపార దిగకూడదు."

చింతలకోనలో బీమా అమ్మేవాడు ఒక్కడే, గుంటనక్క నాంచారయ్య. కబురు అందకముందే మాణిక్యమ్మ పందిరి కింద ప్రత్యక్షమయ్యాడు.

"చెల్లెమ్మా, మీ పనిలో ప్రమాదాలేమిటో చెప్పు. ఏదీ దాచకు. వైద్యుడి దగ్గరా బీమావాడి దగ్గరా దాపరికం పనికిరాదు."

"తవ్విన గుంతలో ఎవరైనా పడొచ్చు. రాయి దొర్లొచ్చు. ఈరన్న తోక తగిలి ఎవరి కుండో పగలొచ్చు."

"ఇంకా?"

మాణిక్యమ్మ నేల చూపులు చూసింది. "నేను."

"నువ్వంటే?"

"నేను ఆకులు తినొచ్చు."

నాంచారయ్య సానుభూతిగా తలాడిస్తూ ముల్లుతో ఏదో గీసుకున్నాడు. "నీకేం భయం లేదమ్మా. పిడుగు పడనీ, కొండ కూలనీ, అన్నీ నేను చూసుకుంటాను. వారానికో బుట్టెడు రేగుపళ్లు ఇస్తే చాలు, నువ్వు గుండెమీద చెయ్యేసుకుని పడుకోవచ్చు."

మర్నాడు పత్రం తయారైంది. పత్రమంటే మోదుగాకులు పుల్లలతో కుట్టిన విస్తరాకు. నడిమి ఆకు మీద గుడ్డివాడికి కూడా తడిమితే తెలిసేంత పెద్ద అక్షరాలు. చుట్టూ ఉన్న ఆకుల నిండా చీమలు పాకినట్టు సన్నటి రాత.

"అంచుల్లో ఇదేమిటన్నా? నా కంటికి ఆనడం లేదు," అంది మాణిక్యమ్మ.

"అన్నం విస్తరి మధ్యలో వడ్డిస్తారా, అంచుల్లో వడ్డిస్తారా?"

"మధ్యలోనే."

"మరింకేం. మధ్యలో చదువుకో."

మాణిక్యమ్మ మధ్యలో చదువుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని పులికి చూపించడానికి వెళ్లారు. పులి కూడా పెద్దమనిషి కాబట్టి పెద్ద అక్షరాలే పైకి చదివాడు.

"మాణిక్యమ్మ కంపెనీ పనివల్ల ఎవరికి ఏది పోయినా, పోయినదాన్ని మునుపున్నట్టే తిరిగి నిలబెట్టే పూచీ నాది. నిలబెట్టేదాకా వారికి ఆ లోటు తెలియకుండా చూసుకునే పూచీ కూడా నాదే. ఇట్లు, నాంచారయ్య." పులి తలెత్తాడు. "బాగానే ఉంది. రేపు నువ్వొక మాటా, ఈవిడ ఒక మాటా అంటేనో?"

పందిరి కింద తను చెప్పిన తీపి మాటలన్నీ మాణిక్యమ్మ రేపు ఏకరువు పెడుతుందేమోనని నాంచారయ్యకూ అనుమానంగానే ఉంది. ఆ దారి కూడా మూసేద్దామనుకున్నాడు.

"ఆ చిక్కే లేదు దొరా. ఆకు ఒకటే, నకలు లేదు. ఆకు మీద ఉన్నదే మాట. ఆకు మీద లేనిది ఎవరు చెప్పినా చెల్లదు. ఆఖరికి నేను చెప్పినా చెల్లదు."

"సరే," అన్నాడు పులి. మర్నాడే పని మొదలైంది.

రెండు రోజుల్లో నేల చదును చేసి గరిక పరిచారు. గోరింట కొమ్మలు వరుసగా నిలబడ్డాయి. మూడోరోజు పొద్దున్నే తుమ్మమొద్దుకు మోకు కట్టి, రెండో కొస ఈరన్న మెడకు తగిలించి, మాణిక్యమ్మ ఎదురుగా నిలబడింది.

"లాగు ఈరన్నా," అంది చిక్కంలోంచి.

ఈరన్న లాగాడు. మొద్దు ఊడింది. ఊడిన మొద్దు వేళ్లు ఊరికే రాలేదు, పక్కనున్న నేరేడు వేళ్లను పెనవేసుకుని వాటిని కూడా పైకి లేపుకొచ్చాయి. నేరేడు చెట్టు ఒక పక్కకు వాలడం మాణిక్యమ్మ చూసింది.

"ఆగు," అని అరిచింది. "ఆగు, ఆగు."

చిక్కంలోంచి ఆ మాట ఈరన్న చెవికి "లాగు, లాగు" అని చేరింది. యజమానురాలు ఇంతగా చెబుతోందంటే ఏదో తొందర ఉండి ఉంటుందనుకుని, పాపం, డెక్కలు తన్నిపెట్టి ఉన్న బలమంతా చూపించాడు. నేరేడు చెట్టు పెళపెళమంటూ వచ్చి గరిక మీద వెల్లకిలా పడింది.

పులి గుహలోంచి బయటికొచ్చాడు. ఎండ నేరుగా ముఖాన కొట్టింది. కళ్లు చికిలించి చెట్టునూ, ఈరన్ననూ, మోకునూ చూశాడు. కోప్పడలేదు. అదే ఎక్కువ భయం పుట్టించింది.

"పొద్దు వాలేలోగా బీమా ఆయన్ని తీసుకురా," అన్నాడు. "ఆయన పూడిస్తే మంచిదే. లేకపోతే పాత పద్ధతే. పంది నాకు పడలేదు." అంటూ ఈరన్న మూపురం దగ్గర చూపు ఆపాడు. "ఎద్దు సంగతి ఇంకా తెలియదు."

మాణిక్యమ్మ పరుగున నాంచారయ్య బొరియకు వెళ్లి, విస్తరాకు ముందు పెట్టి జరిగింది చెప్పింది. ఆయన తాపీగా విని, విస్తరాకు చేతిలోకి తీసుకుని అంచులు చదవసాగాడు.

"మొదటి అంచు. వేళ్లున్నవాటికి ఈ బీమా వర్తించదు. రెండో అంచు. కొమ్ములున్నవారు చేసిన నష్టానికి వర్తించదు. మూడో అంచు. పగటిపూట జరిగినవాటికి వర్తించదు."

"మేం పని చేసేది పగలే కదన్నా."

"అందుకే రాశాను."

"మరి దేనికి వర్తిస్తుంది?"

"పిడుగు పడాలి. ఆ పిడుగును మీరే వేశారని రుజువు కావాలి. అప్పుడు నిక్షేపంగా వర్తిస్తుంది," అని విస్తరాకు తిరిగిచ్చాడు. "నువ్వు పద, నేను వెనకే వచ్చి దొరగారికి కూడా ఇవే చదివి వినిపిస్తాను. అన్నట్టు, ఈ వారం రేగుపళ్లు ఇంకా అందలేదు."

దారిలో తుప్పల పక్కన ఈరన్న కూలబడి ఉన్నాడు. మాణిక్యమ్మ చిక్కం విప్పి, అతని పక్కనే చతికిలబడింది.

"నువ్వు లాగమన్నావనుకున్నానక్కా."

"తప్పు నీది కాదురా. ఈ చిక్కానిది. అంచులు చదవని నాది."

"నన్ను తింటే తిననీ. కానీ రేపట్నుంచి నీకు బండలెవరు లాగుతారు? ఆ అడవిగాడిదను మాత్రం పెట్టుకోకు. అది సగం పనిలో పడుకుంటుంది."

ఆ మాటకు మాణిక్యమ్మకు దుఃఖం ఆగలేదు. ఈరన్నను ఏం చెప్పి కాపాడాలా అని ఆలోచిస్తూ, ముక్కు చీదుకుంటూ కూర్చుంది. మేకజాతికి సంతోషమొచ్చినా ఆకలే, దుఃఖమొచ్చినా ఆకలే. ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు.

"అక్కా," అన్నాడు ఈరన్న. "ఏం నములుతున్నావు?"

మాణిక్యమ్మ దవడలు ఆగిపోయాయి. చేతిలోకి చూసుకుంది. విస్తరాకు చుట్టూ ఉన్న ఆకులన్నీ శుభ్రంగా పోయాయి. నడిమి ఆకు ఒక్కటే, రెండు పుల్లలతో సహా మిగిలింది.

"అయిపోయిందిరా," అంది నీరసంగా. "ఉన్న ఒక్క ఆధారాన్నీ మింగేశాను. నవ్విన కొండముచ్చుల మాటే నిజమైంది."

అయినా పొద్దు వాలుతోంది. వెళ్లక తప్పలేదు.

పులి కూలిన చెట్టు మొదలు మీద కూర్చుని ఉన్నాడు. నాంచారయ్య అప్పటికే వచ్చి, గొంతు సవరించుకుని తయారుగా నిలబడ్డాడు.

"ఏదమ్మా ఆకు? ఇలా ఇయ్యి. అంచులు చదివేస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది."

మాణిక్యమ్మ ఇచ్చింది. నాంచారయ్య దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఎండకు పట్టి చూశాడు.

"మిగతాది ఏదీ?"

"తిన్నాను."

"ఏమిటీ?"

"తిన్నానన్నా. కావాలని కాదు. దిగులులో నోట్లోకి వెళ్లిపోయింది."

నాంచారయ్య ముందు తెల్లబోయి, ఆ వెంటనే చిరునవ్వు నవ్వాడు. "సరే, ఏం ఫరవాలేదు. అవన్నీ నాకు కంఠతా వచ్చు. దొరా, మొదటి అంచు. వేళ్లున్నవాటికి ఈ బీమా వర్తించదు."

అతను అలా అప్పజెబుతుంటే మాణిక్యమ్మ మెల్లగా తలెత్తింది. నిజం చెప్పేశాక ఆమెకు వణుకు తగ్గింది. వణుకు తగ్గాక బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది.

"అన్నా, ఒక్కమాట," అంది. "ఇప్పుడు నువ్వు చెప్పేది ఆకు మీద ఉందా?"

"ఉండేది. నువ్వు తిన్నావు."

"ఉండేది సరే. ఇప్పుడు ఉందా?"

నాంచారయ్య పులి వైపు తిరిగాడు. "దొరా, ఈవిడ ఆకులు తింటుందని నాకు ముందే తెలుసు. అందుకే మేక ఏ ఆకు తిన్నా బీమా రద్దు అని ఏడో అంచులో రాశాను."

"ఏడో అంచు ఎక్కడుంది?" అని అడిగాడు పులి.

"ఈవిడ కడుపులో ఉంది."

"కడుపులో ఉన్నది ఆకు మీద ఉన్నట్టా, లేనట్టా?" అంది మాణిక్యమ్మ. "ఆకు మీద లేనిది ఎవరు చెప్పినా చెల్లదన్నది నువ్వే కదన్నా. నువ్వు చెప్పినా చెల్లదన్నావు. దొరగారు విన్నారు."

"విన్నాను," అన్నాడు పులి.

పులి పంజా చాచి ఆకు అందుకున్నాడు. పెద్ద అక్షరాలు ఒక్కటీ చెక్కుచెదరలేదు. మొదటిసారి చదివినట్టే, అంతే నిదానంగా చదివాడు.

"పోయినదాన్ని మునుపున్నట్టే తిరిగి నిలబెట్టే పూచీ నాది. అంటే ఇక్కడ నేరేడు మొక్క నాటాలి, పెంచాలి, చెట్టు చెయ్యాలి. నిలబెట్టేదాకా లోటు తెలియకుండా చూసుకోవాలి. అంటే అప్పటిదాకా నాకు మధ్యాహ్నం నీడ ఇవ్వాలి."

"దొరా, నీడ నేనెక్కణ్ణుంచి తేను?"

"అది ఆకు మీద లేదు. నాకు సంబంధం లేదు. నిన్ను తినొచ్చు కానీ, తింటే నీడ రాదు."

ఈరన్నకు అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలే ధైర్యం వచ్చింది. అది కాస్త గట్టిగా వచ్చి నాంచారయ్య మీసాలు ఊగాయి.

మర్నాటినుంచి చింతలకోన వాళ్లంతా మధ్యాహ్నం పూట ఏదో ఒక పని కల్పించుకుని అటుగా రాసాగారు. కొత్త గరిక మీద వీరభద్రం వెల్లకిలా పడుకుని గురక పెడుతుంటే, తలాపున నాంచారయ్య ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ పెద్ద తాటాకు గొడుగు పట్టుకుని నిలబడేవాడు. ఎండ ఎటు జరిగితే అటు జరగాలి. గొడుగు అంగుళం పక్కకు పోయి ముక్కు మీద ఎండ పడితే గురక ఆగేది. గురక ఆగితే నాంచారయ్య ఊపిరి ఆగేది. పొద్దున్నా సాయంత్రం వాగు నుంచి నీళ్లు మోసుకొచ్చి జానెడు నేరేడు మొక్కకు పోయడం వేరే.

కంచె మిగతాది ముగించడానికి మాణిక్యమ్మ, ఈరన్న వచ్చిన రోజున నాంచారయ్య మాణిక్యమ్మను గుసగుసగా పిలిచాడు. మాణిక్యమ్మ ఇప్పుడు చిక్కంలోంచి "ఆగు" అనడం మానేసి "చాలు" అంటోంది.

"చెల్లెమ్మా, ఇది చెట్టు కావడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"మంచి నేల. నీళ్లు ఆపకుండా పోస్తే, ఎనిమిదేళ్లు."

నాంచారయ్య జానెడు మొక్క వైపు ఒకసారి చూశాడు. "త్వరగా పెరిగేదేదైనా వేద్దామా? ఆముదం ఉంది కదా, ఆర్నెల్లలో మనిషెత్తు లేస్తుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని పెద్దలే అన్నారు."

పులి కళ్లు తెరవకుండానే, "నేరేడు," అన్నాడు.

నాంచారయ్య గొడుగు సరిచేసి పట్టుకున్నాడు.

పెద్దక్షరాలతో మాట ఇచ్చి చిన్నక్షరాలతో వెనక్కి తీసుకోబోయేవాడు, ఆ పెద్దమాటనే మోస్తూ నిలబడాల్సి వస్తుంది.